బి డ్రైవులో చిలకల అంచు

ఎమ్మిగనూరు,
23-1-1989

ఏమ్మే జహీరా,

జాతరకు వస్తానన్నావు, రాలేదు. పోయినేడూ ఇదే పాట. రథం రోజు నీకోసం తీసిపెట్టిన బొరుగులు మెత్తబడిపోయి చివరికి మేకకు వేశాను. నీ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం కూడా మానేశాను.

అసలు సంగతికి వస్తాను. మా సంఘానికి కంప్యూటర్ వచ్చింది. నవ్వొద్దు. పెద్ద సొసైటీకి కాదు, మా పేటలోని నలభై మగ్గాల చిన్న సంఘానికే. హైదరాబాదు చేనేత ఆఫీసు వాళ్ళు ప్రయోగానికని ఇచ్చిపోయారు. మా నాయన పని నీకు తెలుసు కదా. గళ్ళ కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టి డిజైన్ గీస్తాడు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితే చీర అంచులోకి చిలక దిగుతుంది. ఆ గళ్ళ కాగితం పని ఇక ఈ పెట్టె చేస్తుందట. ఆఫీసు వాళ్ళు ఒక డిస్కులో ప్రోగ్రాం కూడా రాసిచ్చారు. అది పాస్కల్ భాషలో ఉంది, పాస్కల్ మాత్రం మీరే చూసుకోండి అని చెప్పి జీపెక్కారు.

మార్చి 20న మళ్ళీ వస్తారు. ఆ రోజు చిలకల అంచు తెర మీద కనబడి, ప్రింటర్లోంచి ఏ వరసలో ఎన్ని దారాలు లేవాలో చెప్పే వరసల పట్టీ రావాలి. వస్తే పెట్టె ఇక్కడే ఉంటుంది, దాన్ని నడిపేవాళ్ళకు సంఘంలో కొలువు. రాకపోతే పెట్టె వెనక్కి, కొలువూ లేదు. నాకు ఆ కొలువు కావాలి జహీరా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కావాలి. మా కార్యదర్శి తిక్కయ్యను అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఆడమనిసి పేరు పుస్తకంలో ఎట్ల రాసేది మ్మా? మీ నాయన ఉండాడు గదా, ఆ పొద్దు ఆయన్నే పెట్టె ముందర కూసోబెట్టు" అన్నాడు. నాయనకు అది ఇష్టం లేదు.

నువ్వు యూసుఫ్ సాబ్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ క్లాసులు చెప్తున్నావని విన్నాను. పాస్కల్ పంపు. ఎలా వాడాలో రాసి పంపు. నేను ఆదోని రాలేను, ఎందుకో తర్వాత చెప్తాను.

నీ
భాగ్యమ్మ

*

ఆదోని,
27-1-1989

ప్రియమైన భాగ్యకు సలాం.

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. సరైన మనిషినే అడిగావు. పాస్కల్ నాకు కొట్టిన పిండి. పొద్దున ఆరింటి నుంచి టైపు బ్యాచీలు, సాయంత్రం కంప్యూటర్ బ్యాచీ, ఆదివారం కూడా తీరిక లేదు. లేకుంటే నేనే వచ్చి అరగంటలో పెట్టి పోయేదాన్ని.

పొద్దుటి బస్సు కండక్టర్ ఏసన్న చేతికి డిస్కు ఇచ్చాను. ఇన్‌స్టిట్యూట్ డిస్కుకు నకలు అది. జాగ్రత్తగా విను. డిస్కును మడవకూడదు. ఎండలో పెట్టకూడదు, రేడియో పక్కన అసలే పెట్టకూడదు. నల్ల తొడుగుకు ఒక పక్క వేలంత పొడవు సందు ఉంటుంది, అందులోంచి గోధుమ రంగు రేకు కనిపిస్తుంది. ఆ రేకును చేత్తో తాకకూడదు. రాతంతా ఉండేది దాని మీదే.

మొదట డాస్ డిస్కును ఎ డ్రైవులో పెట్టి యంత్రాన్ని లేపు. తర్వాత దాన్ని తీసి పాస్కల్ డిస్కు పెట్టు. మీ ఆఫీసు వాళ్ళ డిస్కు బి డ్రైవులో పెట్టు. పాస్కల్ తెర రాగానే ప్రోగ్రాంను తెరిచి, కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్పించి, రన్ చెయ్యి. అంతే. చిలక ఎగురుతుంది.

మీ నాయన వీరభద్రప్ప చిన్నాయనకు నా సలాములు చెప్పు. చిన్నప్పుడు నా ఓణీ అంచుకు ఆయన గీసిన మామిడి పిందెలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి.

నీ
జహీరా బీ

*

ఎమ్మిగనూరు,
4-2-1989

జహీరాకు,

చిలక ఎగరలేదమ్మా పంతులమ్మా. కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. డిస్కు రాగానే నాయన దానికి బొట్టు పెట్టాడు. మా ఇంట్లో పడుగు దారాలు దూర్చే కొత్త పన్నె వచ్చినా, కొత్త అట్టల దండ వచ్చినా ఆయన బొట్టు పెట్టందే మగ్గం దగ్గరికి పోదు. పేరు రాసిన కాగితం మీదే పెట్టించాను, భయపడకు. ప్రోగ్రాం తెరిచాను, కంపైల్ అన్నాను. పచ్చ తెర మీద పైన ఎర్రర్ పదిహేను, ఫైల్ నాట్ ఫౌండ్ అని వచ్చింది. పక్కన గ్రాఫ్ అని ఒక పేరు ఉంది. ప్రోగ్రాం మొదటి వరసలో చూస్తే యూజెస్ అన్న మాట తర్వాత రెండు పేర్లున్నాయి. ఒకటి సి ఆర్ టి, ఇంకొకటి ఈ గ్రాఫ్. మొదటి దాని గురించి నోరెత్తలేదు, రెండోదాని దగ్గరే మొండికేసింది. ఇరవైసార్లు చేశాను, ఇరవైసార్లూ అదే.

తిక్కయ్య సంఘం వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. "ఏం మ్మా, పెట్టె అలిగిందా?" అని పళ్ళికిలించాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ గ్రాఫ్ ఏమిటి, యాడుంటుంది, ఎట్ల తేవాలి? త్వరగా రాయి.

భాగ్యమ్మ

*

ఆదోని,
9-2-1989

భాగ్యకు,

కంగారు పడకు. ఇది చాలా చిన్న సంగతి.

పాస్కల్‌లో కొన్ని పనులు విడివిడి మూటలుగా కట్టి పెడతారు. వాటిని యూనిట్లు అంటారు. అక్షరాలు తెర మీద పెట్టే మూట సి ఆర్ టి. అది పాస్కల్ కడుపులోనే ఉంటుంది, అందుకే అడగలేదు. బొమ్మలు గీసే మూట గ్రాఫ్. అది విడి ఫైలు. మీ ప్రోగ్రాం మొదటి వరసలో "నాకు గ్రాఫ్ కావాలి" అంటోంది. నేను పంపిన డిస్కులో అది లేదు. జాగా చాలక వదిలేశాను, నాదే పొరపాటు.

బళ్ళారిలో నాకు తెలిసిన ఒకాయన దగ్గర గ్రాఫ్ దొరికింది. ఏసన్నతోనే పంపుతున్నాను. దాన్ని మీ ప్రోగ్రాం ఉన్న డిస్కులోకి కాపీ చెయ్యి. ఇంకొక మాట. ఫైలు ఉంటే చాలదు, యాడ వెతకాలో పాస్కల్‌కు చెప్పాలి. పై వరసలో ఆప్షన్స్ అన్న చోటికి పోతే యూనిట్ డైరెక్టరీస్ అని ఒక గడి ఉంటుంది. అందులో బి అక్షరం, దాని పక్కన నిలువుగా రెండు చుక్కలు పెట్టు. ఇప్పుడు అది బి డ్రైవులో వెతుకుతుంది.

ఈసారి తప్పకుండా అవుతుంది. నా మాట నమ్ము.

జహీరా

*

ఎమ్మిగనూరు,
17-2-1989

జహీరాకు,

నీ మాట నమ్మాను. ఈసారి ఫైలు దొరికింది. దొరికాక కొత్త మాట పెట్టింది. యూనిట్ ఫైల్ ఫార్మాట్ ఎర్రర్ అంటుంది. ఉన్నదాన్ని ఉందని ఒప్పుకుంటుంది, ముట్టుకోనంటుంది.

నాయనకు చదివి వినిపించాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "అరవై పన్నెకు ఎనబై పడుగు తెచ్చినట్టుండాది మ్మా. దారం మంచిదే, పన్నే మంచిదే. ఒకదానికి ఒకటి కుదరవు" అన్నాడు. పాస్కల్ పేరు కూడా సరిగ్గా పలకలేని మనిషి అన్నాడా మాట. నాకు తట్టి చూశాను. పాస్కల్ తెర మీద నాలుగు అని ఉంది. నువ్వు పంపిన గ్రాఫ్ డిస్కు కాగితం మీద బళ్ళారి ఆయన అయిదు అని రాశాడు. నాలుగుకు అయిదు కుదురుతుందా? కొట్టిన పిండి అన్నావే, నీకు తెలియదా?

ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఈ గ్రాఫ్ నడవడం నువ్వు నీ కళ్ళతో చూశావా? ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య సముద్రం లేదు. గంటంబావు బస్సు. మూడు వారాల నుంచి ఉత్తరాలు రాస్తున్నావు గానీ ఒక్క పూట వచ్చి కూర్చోలేకపోయావు. నాకు మిగిలింది ముప్పై రోజులు. నీకిది ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాఠం కావచ్చు, నాకు బతుకు.

భాగ్యమ్మ

*

ఆదోని,
21-2-1989

భాగ్యా,

చూడలేదు.

మా ఇన్‌స్టిట్యూట్ పెట్టెకు బొమ్మలు చూపించే కార్డే లేదు. అక్షరాలు, అంకెలు తప్ప దాని తెర మీద ఇంకేమీ రాదు. గ్రాఫ్ అన్న మాట పుస్తకంలో చదివాను, అంతే. కర్నూల్లో మూడు నెలల కోర్సు చేశానని నీకు చెప్పాను. నెలన్నర చేశాను. అమ్మీకి జబ్బు చేస్తే వచ్చేశాను, మళ్ళీ పోలేదు. సర్టిఫికెట్ లేదు. యూసుఫ్ సాబ్‌కు కూడా చెప్పలేదు. పిల్లలకు ముందురోజు పుస్తకంలో చదివి మరుసటిరోజు చెప్తాను. కోర్సు సంగతి నువ్వు అడుగుతావనే జాతరకు రాలేదు, అందుకే ఇప్పుడూ రాలేదు. వస్తే నీ ముందర కూర్చుని మీట నొక్కాలి, నా గుట్టు బయటపడుతుంది. ఉత్తరంలో అయితే పుస్తకం పక్కన పెట్టుకుని రాయొచ్చు కదా.

నీ ఉత్తరం చదివి నిన్న యూసుఫ్ సాబ్ దగ్గరికి పోయి మొత్తం చెప్పేశాను. కొలువు పోతుందనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అరే బేటీ, రానిదాన్ని రాదని సెప్పేదానికి ఇన్ని దినాలు తీసుకున్యావా?" అన్నాడు. బీరువా తీసి పాస్కల్ పెట్టె బయట పెట్టాడు. అందులో మూడు డిస్కులున్నాయి భాగ్యా! నేను ఇన్నాళ్ళూ మొదటిదే వాడాను, మిగిలిన రెండూ నాకు తెలియనే తెలియవు. గ్రాఫ్ మూడోదాంట్లో ఉంది. అదీ నాలుగే. మీ నాయన మాట అక్షరాలా నిజం.

దాని నకలు తీసి పంపుతున్నాను. ఇందులో గ్రాఫ్‌తో పాటు హెర్క్ అని ఇంకొక ఫైలు ఉంది. మీ పచ్చ తెరకు బొమ్మ గీయడం నేర్పేది అదే అని పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉంది అని మాత్రమే చెప్తున్నాను, నాకు తెలుసు అనడం లేదు.

తిట్టాలనిపిస్తే తిట్టు.

జహీరా

*

ఎమ్మిగనూరు,
26-2-1989

జహీరాకు,

తిట్టాను. నీ ఉత్తరం చదివి గట్టిగానే తిట్టాను, పక్కింటి గిరిజమ్మక్క బయటికి వచ్చి ఎవరినని అడిగింది. నెల రోజులు పోయాయి కదమ్మే! మొదటి రోజే "నాకూ తెలీదు, ఇద్దరం కలిసి చూద్దాం" అని ఉంటే నీ సొమ్మేం పోయేది? తర్వాత ఉత్తరం ఇంకోసారి చదివాను. యూసుఫ్ సాబ్ ముందర నిలబడి చెప్పావు చూడు, అది నాకు చేతకాదు. అక్కడ నా కోపం సగం చల్లారింది.

మిగతా సగం ఎందుకు ఉందో చెప్తాను. నువ్వు పంపిన డిస్కు పాడైపోయింది. నేను సంఘంలో ఉండగా ఏసన్న ఇంటికి తెచ్చిచ్చాడు. సాయంత్రం సంఘానికి పట్టుకుపోయి మసక చీకట్లోనే బి డ్రైవులో పెట్టాను. లోపల గరగరమని గీరినట్టు శబ్దం. డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ బి అంది. మళ్ళీ ప్రయత్నించమంటావా, వదిలెయ్యమంటావా అని అడిగింది. ఆర్ అక్షరం వేలు నొప్పెట్టేదాకా నొక్కాను. డ్రైవు చెడిందేమోనని వేరే డిస్కు పెట్టి చూశాను, అది చక్కగా చదివింది. కాబట్టి తప్పు నీ డిస్కుదే. తిప్పి పంపుతున్నాను, నువ్వే చూసుకో.

ఇంక ఇరవై రెండు రోజులు.

భాగ్య

*

ఆదోని,
2-3-1989

భాగ్యా,

డిస్కు అందింది. కవర్లోంచి తీసి వెలుతురులో పెట్టి చూశాను. నేను చెప్పానే, తొడుగుకు వేలంత సందు, అందులోంచి కనిపించే గోధుమ రంగు రేకు. సరిగ్గా దాని మధ్యలో కుంకుమ ఉంది. తడిపి పెట్టిన బొట్టు. ఆరిపోయి రేకుకు పట్టేసింది. డిస్కు తిరిగినప్పుడల్లా లోపల ఒక చుట్టు ఎర్రగా పూసుకుపోయింది. గరగరమన్నది అదే.

మీ నాయన బొట్టు పెడతాడని రాశావు. మొదటిసారి కాగితం మీద పెట్టించానన్నావు. పెట్టించాను అన్న మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. ఈసారి నువ్వు ఇంట్లో లేవు, ఆయన ఒక్కడే పెట్టాడు. తెల్ల కాగితం అంత పెద్దగా కనబడుతుంటే ఎవరైనా నల్ల తొడుగు సందులో పెడతారా? గోరంత గడిలో గీత దాటకుండా చుక్క పెట్టే మనిషి ఆయన. నా ఓణీకి మామిడి పిందెలు గీసిన చెయ్యి అది.

భాగ్యా, చిన్నాయనకు కళ్ళు ఎలా ఉన్నాయి? నువ్వు ఆదోని ఎందుకు రాలేవో తర్వాత చెప్తానన్నావు, ఇంతవరకూ చెప్పలేదు. నా గుట్టు నేను చెప్పాను.

జహీరా

*

ఎమ్మిగనూరు,
5-3-1989

జహీరా,

నీ ఉత్తరం పట్టుకుని మగ్గం గుంట దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. సంఘంలో నలభై మంది రోజూ చూస్తూ ఉన్నారు, ఒక్కరూ కనిపెట్టలేదు. నువ్వు ముప్పై కిలోమీటర్ల అవతల కూర్చుని ఒక బొట్టు చూసి పట్టేశావు.

నాయనకు కనపడదు. రెండేళ్ళయింది. వెలుతురు, చీకటి తెలుస్తాయి, మనిషి నీడ తెలుస్తుంది. గళ్ళు తెలియవు. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను, నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో వచ్చేది కాదు అన్నారు. ఈ రెండేళ్ళ డిజైన్లన్నీ నేనే గీశాను. ఆయన పక్కన కూర్చుని "మూడు ఎక్కించు, రెండు దించు, అంచు కాడ ఒక గడి ఇడిసిపెట్టు" అని చెప్తాడు. కొన్ని ఆయనవి, కొన్ని పూర్తిగా నావి. సంఘానికి పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేస్తాడు. కూతురంటే ముద్దు అనుకుంటారు చూసేవాళ్ళు. తిక్కయ్య కాగితం చేతికిస్తే ఆయన దూరం పెట్టి, దగ్గర పెట్టి, తల ఊపి నాకిస్తాడు. నేను ఒక్క రోజు లేకపోతే ఆ నాటకం నడవదు. అందుకే ఆదోని రాలేను. నువ్వు ఎందుకు రాలేదో, నేనూ అందుకే రాలేదు. ఇద్దరం ఒకే బడిలో చదివినందుకు ఈ బుద్ధి ఒక్కటే బాగా వచ్చింది.

ఇప్పుడు అర్థమైందా నాకు ఆ కొలువు ఎందుకు కావాలో? నా పేరు పుస్తకంలో పడితే ఆయనకు ఇక ఆ కాగితం దూరం, దగ్గర పెట్టి చూసే పని ఉండదు. కానీ తిక్కయ్య ఆ రోజు ఆయన్నే తెర ముందర కూర్చోమంటున్నాడు. ఆఫీసర్ ఏదో ఒకటి వేలు పెట్టి చూపించి అడిగితే అంతా అయిపోతుంది. ఉన్న పేరూ పోతుంది, నాకు కొలువూ రాదు.

బొట్టు సంగతి ఆయనతో అన్నాను. కాగితం నున్నగా ఉంటుందని తెలుసు, తడిమి నున్నగా ఉన్నచోట పెట్టాను అన్నాడు. రేకు కూడా నున్నగానే ఉంటుంది కదా. ఆ తర్వాత ఆ పూట అన్నం తినలేదు.

భాగ్య

*

ఆదోని,
9-3-1989

భాగ్యా,

ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చించేశాను. పని సంగతి ముందు రాస్తాను.

ఈసారి రెండు నకళ్ళు పంపుతున్నాను. ఒకటి పనికి, ఒకటి దాచుకోవడానికి. ఏసన్నకు చెప్పాను, నీ చేతికి తప్ప ఎవరి చేతికీ ఇవ్వడు. రెండింటినీ ఇక్కడ పెట్టి పేర్ల పట్టీ తీసి చూశాను, చదువుతున్నాయి. గ్రాఫ్, హెర్క్ రెండు ఫైళ్ళనూ మీ ప్రోగ్రాం డిస్కులోకి కాపీ చెయ్యి. యూనిట్ డైరెక్టరీస్ గడిలో బి ఉందో లేదో చూసుకో, యంత్రం ఆపితే అది మరిచిపోవచ్చు. పాత అయిదో నంబరు గ్రాఫ్‌ను ముందే చెరిపెయ్యి. కంపైల్ అయ్యాక రన్ అంటే డ్రైవర్ ఫైలు, అంటే ఆ హెర్క్, దొరకలేదని ఇంకో మాట అనొచ్చు. ప్రోగ్రాంలో ఇనిట్‌గ్రాఫ్ అన్న వరస చివర రెండు కొటేషన్ గుర్తులు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. వాటి మధ్యన కూడా బి, రెండు చుక్కలు పెట్టు. యూనిట్ యాడుందో పాస్కల్‌కు ఒకసారి, డ్రైవర్ యాడుందో ప్రోగ్రాంకు ఒకసారి, విడివిడిగా చెప్పాలి. ఇది నేను పుస్తకంలో మూడుసార్లు చదివాను. నడిచిందో లేదో నువ్వు రాస్తేనే నాకూ తెలిసేది.

ఇక రెండో సంగతి. యూసుఫ్ సాబ్ ముందర నోరు తెరిచిన రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది. అంతకంటే ఎక్కువ చెప్పను. నా సంగతి వేరు, మీ సంగతి వేరు. నేను పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున నేను అల్లాను అడుగుతాను. నువ్వు మీ నీలకంఠుణ్ణి అడుగు.

జహీరా

*

ఎమ్మిగనూరు,
21-3-1989

ఏమ్మే జహీరా,

మొత్తం రాస్తాను, ఓపిగ్గా చదువు.

డిస్కులు పన్నెండో తేదీ అందాయి. నువ్వు రాసినట్టే చేశాను. కంపైల్ అయింది! రన్ అంటే నువ్వు చెప్పినట్టే డ్రైవర్ దొరకలేదంది. కొటేషన్ల మధ్య బి పెట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడింది, తర్వాత పచ్చ చుక్కలు వరసగా పడుతూ వచ్చాయి. తోక, రెక్క, మెడ, ముక్కు. అప్పటికి సంఘంలో మేమిద్దరమే. నేను అరిచిన అరుపుకు నాయన గుమ్మం దగ్గర్నుంచి "ఏమైంది మ్మా, కరెంటు కొట్టిందా?" అని తడుముకుంటూ వచ్చాడు. చిలక వచ్చింది నాయనా అన్నాను. "ఎట్లుండాది?" అన్నాడు. పచ్చగా ఉందన్నాను. చిలక పచ్చగా కాక ఎట్లుంటుందని నవ్వాడు.

నిన్న ఆఫీసర్ వచ్చాడు. తిక్కయ్య నాయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. మీటలు నా కూతురు నొక్కుతుంది, నాకు అలవాటు లేదు అని నాయన అన్నాడు, అంతవరకు మేము అనుకున్నదే. చిలకల అంచు తెర మీదికి వచ్చింది. ప్రింటర్ పట్టీ కక్కింది. ఆఫీసర్ సంతోషపడ్డాడు. అంతలో ఆయన తెర మీద వేలు పెట్టి, "పెద్దాయనా, ఈ ముక్కు దగ్గర సరిగ్గా వచ్చిందా చూడండి" అన్నాడు. నాయన తెర వైపు తల తిప్పలేదు. "భాగ్యా, పట్టీ సదువు" అన్నాడు.

చదివాను. ఏ వరసలో ఎన్ని దారాలు పైకి, ఎన్ని కిందికి. వరసకు నలభై ఎనిమిది. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళు కదుపుతూ వింటున్నాడు. ముప్పై ఒకటో వరస దగ్గర పైకి ఐదు, కిందికి ముప్పై, పైకి పన్నెండు అన్నాను. "ఆగు. నలబై ఏడే వచ్చినాయి. ముక్కు కాడ ఒక గడి మింగినావు నువ్వు" అన్నాడు. గళ్ళ కాగితం చూసి ప్రోగ్రాంలోకి అంకెలు ఎక్కించేటప్పుడు నేను తప్పు కొట్టాను జహీరా, వారం రోజుల్లో నేను చూడలేదు. ఆఫీసర్ తెర దగ్గరికి వంగి వంగి చూసి, "నేను ఇంతసేపు చూసినా కనబడలేదే, మీరు ఎలా చూశారు?" అన్నాడు.

నాయన అన్నాడు, "సూడలేదు సార్. ఇన్నాను. నాకు కండ్లు పోయి రెండేండ్లయింది. ఈ రెండేండ్ల నుంచి గీసిందంతా ఈ పాపే."

నాతో ఒక్క మాట ముందుగా చెప్పలేదు! ఇంట్లో అంతా అనుకుని పోయి, అక్కడ ఆయనిష్టం వచ్చినట్టు చేశాడు. తిక్కయ్య ముఖం చూడాలి నువ్వు. "అంటే ఇన్ని దినాలూ మమ్మల్ని మోసం సేసినావా వీరబద్రప్పా?" అన్నాడు. "సేసినా. సీరలు బాగలేవని ఎవురన్నా తిరిగి పంపినారా?" అన్నాడు నాయన. ఆఫీసర్ చాలాసేపు పట్టీలు తిరగేసి, ముప్పై ఒకటో వరస నా చేత అక్కడికక్కడే దిద్దించి, మళ్ళీ రన్ చేయించాడు. తర్వాత సంఘం పుస్తకం తెమ్మన్నాడు. తిక్కయ్య చేతనే నాయన పేరు మీద ఒక గీత కొట్టించి, కింద నా పేరు రాయించాడు. ఆరు నెలలు చూస్తారట. పెట్టె ఇక్కడే ఉంటుంది.

నా పేరు పడుతుంటే నాకు సంతోషం కలగలేదు. ఆ గీత కొట్టిన శబ్దానికి ఏడుపు వచ్చింది. కలం గరుకుగా పోయింది, ఆయనకు కూడా వినబడే ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఉన్న పేరు అది. దారిలో నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఇంటికి వచ్చాక సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఇక నువ్వు వస్తే నీ గుట్టు లేదు, నా గుట్టు లేదు. గ్రాఫ్ నడవడం నీ కళ్ళతో చూద్దువు, రా. ఈసారి బొరుగులు మేకకు వేస్తే ఊరుకోను.

నీ
భాగ్య

*

ఎమ్మిగనూరు,
28-3-1989

జహీరమ్మకు వీరభద్రప్ప ఆశీర్వాదం.

నేను సెప్తాంటే భాగ్య రాస్తాంది. నువ్వు పంపిన డిస్కు కుంకమ పెట్టి సెడగొట్టినా. పదిమందికి పనికొచ్చే వస్తువు అది, యూసుఫ్ సాబ్‌కు నా మాటగా తప్పయిందని సెప్పు. దానికి బదులు కొత్త డిస్కు తెప్పించి ఏసన్న సేతికిచ్చినా. అందులో చిలకల అంచు ఎక్కించి పెట్టింది పాప. మీ పెట్టెలో బొమ్మ రాదంట గదా. రాకపోయినా ఉంచుకో మ్మా, వచ్చే పెట్టె మీరు కొన్నప్పుడు సూడు.

బొట్టు లేకుండా పంపేదానికి మనసు ఒప్పలేదు. ఈతూరి పాప నా ఏలు పట్టుకుని కాగితం మీదికి తీసకపోయింది, పెట్టింది నేనే. సరిగ్గా కాగితం మీదే పడింది అంటాంది. ఇది నా కోసరం అబద్ధాలాడే పిల్ల, నమ్మేదానికి లేదు. నువ్వు సూసి అవునో కాదో రాయి.

ఇట్లు
వీరభద్రప్ప

జహీరా, ఈ కింది నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించలేదు. బొట్టు సగం కాగితం మీద, సగం తొడుగు మీద పడింది. సందుకు రెండు వేళ్ళ దూరంలో ఉంది, డిస్కుకు భయం లేదు. నేను సరిగ్గా పడిందనే చెప్పాను. నువ్వూ అదే రాయి.

భాగ్య